ఈఆర్ పాజిటివ్ అంటే మంచిదేనా? ఒక అండాశయ క్యాన్సర్ కేసు

ఆమె వయసు 46. నాలుగు నెలలుగా పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోవడం. గ్యాస్ అనుకుని మాత్రలు వాడారు. పొట్ట బయటికి కనిపించేంత పెరిగాక అల్ట్రాసౌండ్ తీయించుకున్నారు. అందులో రెండు అండాశయాల్లోనూ గడ్డలు, పొట్టలో నీరు కనిపించాయి. సీటీ స్కాన్‌లో ఒమెంటం, అంటే పేగుల ముందు వేలాడే కొవ్వు పొర, అట్టలా మందంగా ఉంది. పొత్తికడుపు పొర మీద చిన్న చిన్న బుడిపెలున్నాయి, వాటిలో కొన్నిట్లో సున్నపు మరకలు కూడా కనిపించాయి. రక్తంలో చూసే క్యాన్సర్ సూచిక సీఏ-125 విలువ 412. మామూలుగా అది 35 లోపు ఉండాలి. మిగతా సూచికలు సీఈఏ, సీఏ 19-9 మామూలుగానే ఉన్నాయి.

ఒమెంటం నుంచి సూదితో ముక్క తీసి బయటి ల్యాబ్‌కు పంపితే రెండు లైన్ల రిపోర్టు వచ్చింది. సీరస్ కార్సినోమా (అండాశయ క్యాన్సర్‌లో ఒక రకం), ఈఆర్ పాజిటివ్, అంటే కణాల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉందని. అంతే. గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయన్న అంచనా) రాయలేదు, పి53 అనే ప్రొటీన్ పరీక్ష చేయలేదు, ఈఆర్ ఎంత శాతమో చెప్పలేదు.

ఆ రిపోర్టు పట్టుకుని వచ్చినప్పుడు ఆమె మొదట అడిగింది స్టేజీ గురించి కాదు. “మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఈఆర్ పాజిటివ్, అదృష్టవంతురాలు అన్నారు డాక్టర్ గారూ. నాకూ అదే రాశారు. అంటే మంచిదేగా?”

“మంచిదేనమ్మా. అయినా ఈ జబ్బులో దానికి అంత ప్రాధాన్యం లేదులెండి” అని దాటేశాను. ఆ జవాబులో రెండు ముక్కలున్నాయి. రెండూ తప్పే.

మూడు సైకిళ్ల కీమో

అండాశయ క్యాన్సర్‌లో ఎపిథీలియల్ (పైపొర కణాల నుంచి పుట్టే) రకాలే 90 శాతం దాకా ఉంటాయి. వాటిలో అత్యధికం హైగ్రేడ్ సీరస్. అందుకని సీరస్ అన్న మాట చూడగానే మా మెదడు ముందు హైగ్రేడ్ అని తనే పూరించేసుకుంటుంది. నా మెదడూ అదే చేసింది. జబ్బు పొట్టంతా పరుచుకుని ఉంది కాబట్టి ముందు కీమో, తర్వాత సర్జరీ అనుకున్నాం. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి మొదలుపెట్టాం.

మూడు సైకిళ్ల తర్వాత సీఏ-125 విలువ 338. సీటీలో గడ్డల కొలత మిల్లీమీటర్లలో మాత్రమే మారింది. హైగ్రేడ్ సీరస్‌లో ఇలా జరగడం అరుదు. అక్కడ మొదటి కీమోకు సీఏ-125 జారుడుబండ మీద నుంచి జారినట్టు పడిపోతుంది. ట్యూమర్ బోర్డులో, అంటే డాక్టర్లందరం కలిసి కేసు చర్చించే చోట, ఒకరు ఇది ప్లాటినంకు (కార్బోప్లాటిన్ లాంటి మందులకు) లొంగని జబ్బు, మందు మార్చాలి అన్నారు. మార్చేవాళ్లమేనేమో. మా రేడియాలజిస్ట్ మాత్రం పాత సీటీ మళ్లీ తెరిచి, ఆ సున్నపు మరకల మీద వేలు పెట్టి, “ఇవి మీకెవరికీ వింతగా అనిపించలేదా?” అని అడిగారు.

సున్నపు మరకలంటే సామోమా బాడీలు, అంటే గడ్డలో పేరుకునే గుండ్రటి సున్నపు రేణువులు, కావచ్చు. అవి హైగ్రేడ్‌లో ఉండవని కాదు. కానీ అవి విరివిగా ఉండి, కీమోకు గడ్డ కదలకుండా, మనిషి మాత్రం అంతగా నీరసించకుండా ఉంటే గుర్తు రావాల్సిన పేరు వేరే ఉంది. మైనంలో భద్రపరిచిన ఆ ముక్కలను (బ్లాకులు) తెప్పించి మా పాథాలజిస్ట్‌కు ఇచ్చాం.

మూడు రోజుల్లో ఆవిడ రాసిన రిపోర్టు ఇది. కణాల కేంద్రకాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, విభజన దశలో ఉన్నవి బాగా తక్కువ, సామోమా బాడీలు చాలా ఉన్నాయి. సీరస్ రకాన్ని గుర్తించడానికి వాడే ప్యాక్స్8, డబ్ల్యూటీ1 పాజిటివ్. పి53 సహజ తీరులోనే ఉంది, అంటే కణానికో తీరున అక్కడక్కడ లేతగా, అక్కడక్కడ ముదురుగా ఉంది. కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 సుమారు 8 శాతం. ఈఆర్ 95 శాతం కణాల్లో గాఢంగా, పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) 70 శాతం కణాల్లో. లోగ్రేడ్ సీరస్ కార్సినోమా.

సీరస్ క్యాన్సర్‌ను రెండు గ్రేడులుగా విడదీసే పద్ధతి 2004 నుంచి వాడుకలో ఉంది. కేంద్రకాల తీరు, పది హై పవర్ ఫీల్డుల్లో 12 కంటే ఎక్కువ విభజనలున్నాయా లేదా అన్నది దానికి కొలత. పేర్లు వింటే ఒకే జబ్బుకు చిన్నన్న, పెద్దన్నలా ఉంటాయి గానీ, నిజానికి రెండూ వేరు వేరు జబ్బులు. హైగ్రేడ్‌లో దాదాపు ప్రతి కేసులోనూ పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది. లోగ్రేడ్‌లో ఆ జన్యువు సాధారణంగా బాగానే ఉంటుంది. అక్కడ కేరాస్, బీరాఫ్, ఎన్‌రాస్ లాంటి జన్యువుల్లో మార్పులు కనిపిస్తాయి. హైగ్రేడ్ వేగంగా పెరిగి కీమోకు వేగంగా కరుగుతుంది. లోగ్రేడ్ నిదానంగా పెరుగుతుంది, కీమోను పెద్దగా పట్టించుకోదు. సర్జరీకి ముందు ఇచ్చే కీమోకు లోగ్రేడ్‌లో స్పందన వందలో నలుగురైదుగురికి మించి రాదని పాత రికార్డులు చెబుతున్నాయి.

తప్పు ఆ ల్యాబ్‌ది మాత్రమే అనడం నాకు తేలికే. గ్రేడు లేని రిపోర్టు పంపింది వాళ్లే. ఆ రిపోర్టును తిప్పి పంపకుండా దాని మీద కీమో రాసింది మాత్రం నేను. పి53 ఎందుకు చేయలేదని ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆమెకు జుట్టు ఊడటం, వేళ్ల తిమ్మిర్లు తప్పేవి, తొమ్మిది వారాల కాలం మిగిలేది.

సర్జరీ, మళ్లీ రిసెప్టర్లు

నాలుగో సైకిల్ ఇవ్వకుండా సర్జరీకి తీసుకెళ్లాం. గర్భాశయం, రెండు అండాశయాలు, ఒమెంటం, పొత్తికడుపు పొరలో జబ్బు పట్టిన భాగాలు తీసేశాం. ఏడు గంటలు పట్టింది. కంటికి కనిపించే జబ్బు ఏమీ మిగల్లేదు. లోగ్రేడ్‌లో మనిషి ఎన్నేళ్లు బాగుంటారన్నది అన్నిటికంటే ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. స్టేజీ 3సీ. ఫైనల్ పాథాలజీలో లోగ్రేడ్ పక్కనే బార్డర్‌లైన్ సీరస్ ట్యూమర్ (క్యాన్సర్‌గా పూర్తిగా మారని గడ్డ) కూడా దొరికింది. అది ఎక్కడి నుంచి పుట్టిందో దాంతో అర్థమైంది. జన్యు పరీక్షలో కేరాస్ జీ12వీ మార్పు ఉంది, బీరాఫ్ మామూలే. అక్కకు రొమ్ము క్యాన్సర్ ఉంది కాబట్టి వంశపారంపర్య ముప్పును చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష కూడా చేయించాం, లోపమేమీ లేదు.

ఇక్కడ పాథాలజిస్ట్‌కూ నాకూ చిన్న వాదన జరిగింది. అండాశయపు గడ్డలో ఈఆర్ 95, పీఆర్ 70 శాతం. సర్జరీలో తీసిన ఒమెంటం ముక్కలో ఈఆర్ 90 శాతం ఉన్నా పీఆర్ 30 మాత్రమే. ఏది నమ్మాలి?

రెండూ నిజమే కావచ్చు. గడ్డ అంతటా పీఆర్ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. అయితే దానికంటే ముందు చూడాల్సింది ముక్కను ఎలా నిల్వ చేశారన్నది. ముక్కలు పాడవకుండా వాడే ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే చొచ్చుకుపోతుంది. 15 సెంటీమీటర్ల అండాశయపు గడ్డను కోయకుండా డబ్బాలో పడేసి రాత్రంతా ఉంచితే, నడుమ భాగం తెల్లారేసరికి పాడైపోయి ఉంటుంది. స్టెయినింగ్ చేస్తే, అంటే రంగు వేసి చూస్తే, రిసెప్టర్ లేనట్టు కనిపిస్తుంది. ఉన్నది చచ్చిపోయిందే గానీ, మొదటి నుంచీ లేనిది కాదు. రొమ్ము క్యాన్సర్‌లో తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి, ఆరు నుంచి 72 గంటలు ఉంచాలి అన్న నియమాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అండాశయం విషయంలో ఆ పట్టుదల ఇంకా చాలాచోట్ల రాలేదు. మా థియేటర్‌లో ఇప్పుడు పెద్ద గడ్డ ఏది వచ్చినా పాథాలజీ టెక్నీషియన్ బ్రెడ్డు కోసినట్టు ముక్కలు కోసి ఫార్మలిన్‌లో వేస్తాడు. ఈ కేసు తర్వాతే ఆ అలవాటు చేశాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. అండాశయపు స్ట్రోమా (ఆధారంగా ఉండే కణజాలం) కణాలకు స్వతహాగా ఈఆర్, పీఆర్ ఉంటాయి. చూసేవాళ్లు జాగ్రత్తగా లేకపోతే ఆ రంగును క్యాన్సర్ కణాల ఖాతాలో వేస్తారు. 1980లలో గడ్డను రుబ్బి, అందులో హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్ ఎంతుందో కొలిచేవారు. ఆ ముద్దలో క్యాన్సర్ ఎంత, స్ట్రోమా ఎంత అని వేరు చేసే దారే లేదు. అండాశయ క్యాన్సర్‌లో రిసెప్టర్ల మీద పాత పేపర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి ఇదొక కారణం. ఇంకా పెద్ద కారణం, అన్ని రకాల క్యాన్సర్లనూ ఒకే గంపలో వేసి లెక్కపెట్టడం.

ఆమె ప్రశ్నకు అసలు జవాబు

ఆ గంపను విడదీసిన పెద్ద అధ్యయనం 2013లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. 12 అధ్యయనాల నుంచి 2,933 మంది మహిళల గడ్డలను ఒకే పద్ధతిలో స్టెయిన్ చేసి, రకాన్ని బట్టి వేరు చేసి చూశారు. ఒక శాతం లోపు నెగెటివ్, 50 శాతం దాకా బలహీనం, ఆపైన బలం అని మూడు మెట్లు పెట్టుకున్నారు.

హైగ్రేడ్ సీరస్‌లో ఈఆర్ ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి ఉంది. కానీ అది ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఆయుష్షులో తేడా కనిపించలేదు. పీఆర్ మూడింట ఒక వంతు మందికి కూడా లేదు. అయితే బలంగా ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ కాలం బతికారు. ఎండోమెట్రియాయిడ్ రకంలో ఈఆర్, పీఆర్ రెండూ మంచి సూచనలే. క్లియర్ సెల్, మ్యూసినస్ రకాల్లో ఈ రిసెప్టర్లు తక్కువమందికే ఉంటాయి, ఉన్నా ఏమీ చెప్పలేదు.

మరి లోగ్రేడ్ సీరస్? అక్కడే ఉంది మెలిక. ఈఆర్ అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది ఇందులోనే. అయినా ఆయుష్షును ముందుగా చెప్పే సూచనగా అది తేలలేదు. నాకు అర్థమైనంతవరకు, దాదాపు అందరికీ ఈఆర్ ఉన్న గుంపులో ఈఆర్ ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయలేదు. తరగతిలో అందరికీ 90 మార్కులొస్తే ర్యాంకులు ఇవ్వడం కష్టం. పైగా లోగ్రేడ్ అరుదు కాబట్టి ఆ గుంపులో మనుషులే తక్కువ.

ఒక రిసెప్టర్‌ను మనం రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఈ జబ్బు ఎలా నడుస్తుంది అన్నది ఒకటి. ఈ మందు పనిచేస్తుందా అన్నది రెండోది. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ రెండిటికీ జవాబిస్తుంది కాబట్టి ఆమె అక్కకు అదృష్టం అన్నారు. అండాశయంలో ఈ రెండు ప్రశ్నలూ విడిపోతాయి. ఈమె గడ్డలో 95 శాతం ఈఆర్ జబ్బు ఎలా నడుస్తుందో పెద్దగా చెప్పదు. కానీ హార్మోన్‌ను ఆపే మందుకు తలుపు తీస్తుంది. అంటే, నేను మొదటి రోజు చెప్పిన రెండు ముక్కల్లో “మంచిదే” అన్నదానికి ఆధారం లేదు. “ప్రాధాన్యం లేదు” అన్నదేమో పూర్తిగా తలకిందులు.

అదే నెలలో నా దగ్గర 58 ఏళ్లావిడ ఒకరు ఉన్నారు. హైగ్రేడ్ సీరస్, ఈఆర్ 90, పీఆర్ సున్నా. ఆవిడకు కీమో అద్భుతంగా పనిచేసింది, 14 నెలలకు జబ్బు తిరిగొచ్చింది. ఇద్దరి రిపోర్టుల్లో ఈఆర్ అంకెలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి.

పీఆర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. పీఆర్ జన్యువును నడిపేది ఈస్ట్రోజెనే. కణంలో పీఆర్ ఉందంటే అక్కడ ఈఆర్ ఊరికే కూర్చోలేదు, పని చేస్తోందని అర్థం. అందుకే ఈఆర్ ఒక్కటే కంటే రెండూ కలిసి ఉండటం ఎక్కువ చెబుతుంది. పీఆర్ స్వయంగా బ్రేకులా పనిచేస్తుందన్న వాదన కూడా ఉంది. కాన్పులు, గర్భనిరోధక మాత్రలు అండాశయ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయన్నది గట్టిగా నిలబడిన విషయం. అందులో ప్రొజెస్టెరాన్‌కు వాటా ఉందంటారు. 1996లో బయటపడిన ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా కూడా బ్రేకుల పక్షమే అంటారు గానీ, రోజువారీ రిపోర్టుల్లో మనం ఈఆర్ అని చూసేది ఆల్ఫా అనే రకం మాత్రమే. ఆండ్రోజెన్ రిసెప్టర్, ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్, గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ మీద కూడా పేపర్లున్నాయి. చివరిది ఎక్కువగా ఉన్న గడ్డలు త్వరగా తిరిగొచ్చాయని ఒక అధ్యయనం చెప్పింది. పాక్లిటాక్సెల్ ముందు మేం అలవాటుగా ఇచ్చే డెక్సామెథాసోన్ (ఆ రిసెప్టర్ మీదే పనిచేసే స్టెరాయిడ్) గుర్తొచ్చి అది చదివినప్పుడు కాస్త ఇబ్బందిగా అనిపించింది. అయినా వీటిలో ఏదీ ఈరోజు నా చికిత్సను మార్చేంతగా ఎదగలేదు.

లెట్రోజోల్

సర్జరీ తర్వాత మిగతా మూడు కీమోలు పూర్తిచేయాలా అన్న దాని మీద బోర్డు చీలిపోయింది. పూర్తిచేసి ఆపైన హార్మోన్ మందు ఇవ్వడం ఎక్కువమంది అనుసరించే దారి. కీమో తనంతట తాను ఏం చేయలేదో మూడు సైకిళ్లు చూపించాయి కదా అన్నది నా వాదన. ఇద్దరు సీనియర్లు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. రెండు పక్షాల మాటలూ ఆమెకు చెప్పాం. “ఆ సెలైన్ సీసాలు ఇక వద్దు” అన్నారామె. రోజుకు 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ మొదలుపెట్టాం.

అండాశయాలు తీసేశాక కూడా శరీరంలో ఈస్ట్రోజెన్ ఆగిపోదు. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లను కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. 46 ఏళ్ల మనిషికి అండాశయాలు ఉండగానే దీన్ని ఒక్కదాన్నే ఇస్తే అవి మరింత రెచ్చిపోవచ్చు. సర్జరీకి ముందు ఇవ్వకపోవడానికి కారణం అదే.

దీనికి ఆధారంగా అందరూ చూపించేది 2017లో వచ్చిన ఒక అధ్యయనం. 203 మంది లోగ్రేడ్ సీరస్ రోగుల రికార్డులు తిరగేశారు. మొదటి చికిత్స తర్వాత హార్మోన్ మందు కొనసాగించినవాళ్లలో జబ్బు తిరిగి పెరగడానికి మధ్యస్థంగా (మీడియన్) 64.9 నెలలు పట్టింది. ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో 26.4 నెలలు. అంకెలు చూస్తే కళ్లు మెరుస్తాయి. కానీ మందు ఎవరికివ్వాలో చీటీ తీసి నిర్ణయించలేదు, డాక్టర్లే ఎంచుకున్నారు. మొత్తం ఆయుష్షులో అంత తేడా తేలలేదు కూడా. కీమో లేకుండా లెట్రోజోల్ ఒక్కటే చాలా అని అడిగే ట్రయల్ ఎన్‌ఆర్‌జీ-జీవై019. మా బోర్డు గొడవ కూడా సరిగ్గా అదే ప్రశ్న మీద.

ఆరు వారాలకు సీఏ-125 14కు దిగింది. అందులో పెద్ద వాటా సర్జరీదే. మూడో నెలలో చేతివేళ్ల కీళ్లు పొద్దున పూట బిగుసుకుపోవడం మొదలైంది. నాకు చెప్పకుండా మూడు వారాలు మాత్ర మానేశారు. నాకు కోపం రాలేదు, కానీ టెన్షన్ మాత్రం పట్టుకుంది. అనాస్ట్రోజోల్‌కు మార్చాక నొప్పి తట్టుకునే స్థాయికి వచ్చింది. ఎముకల సాంద్రత టీ-స్కోరు (ఎంత కిందికి పోతే ఎముకలు అంత పలచన) మొదట మైనస్ 1.6, ఏడాదిన్నరకు మైనస్ 2.3. కాల్షియం, విటమిన్ డి ముందు నుంచీ ఇస్తున్నాం, ఆ తర్వాత ఎముకలను కాపాడే జోలెడ్రోనిక్ యాసిడ్ కలిపాం. ఇన్నేళ్లు మందు వాడే జబ్బులో ఎముకల గురించి మొదటి రోజు నుంచే ఆలోచించాలి. మేం కాస్త ఆలస్యం చేశాం.

44వ నెల

వరసగా మూడు పరీక్షల్లో సీఏ-125 16, 29, 48. సీటీలో పొత్తికడుపులో ఒకే బుడిపె, 2.3 సెంటీమీటర్లు. మళ్లీ సర్జరీ చేసి పూర్తిగా తీసేశాం. అదే లోగ్రేడ్ సీరస్. ఈఆర్ 90 శాతం, పీఆర్ 5.

ఈసారి ఆమె రిపోర్టు నాకంటే ముందే చదివేశారు. “పీఆర్ 70 నుంచి అయిదుకు పడిపోయింది డాక్టర్ గారూ. మందు పనిచేయడం మానేసిందనా?” నేను వెంటనే జవాబు చెప్పలేదు. పీఆర్ తగ్గడానికి రెండు దారులున్నాయి. ఈఆర్‌ను పక్కనపెట్టి కణం వేరే దారిలో పెరగడం నేర్చుకుని ఉండొచ్చు. కేరాస్ మార్పు ఉన్న గడ్డలో అది ఊహించగలిగేదే. లేదా పీఆర్ తయారవ్వడానికి ఈస్ట్రోజెన్ కావాలి కాబట్టి, ఈస్ట్రోజెన్‌ను నాలుగేళ్లు ఎండగట్టిన శరీరంలో పీఆర్ తగ్గడం మందు ఒంటికి పడుతోందనడానికే గుర్తు కావచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో సర్జరీకి ముందు అరోమటేజ్ మందు ఇచ్చినప్పుడు ఇది కళ్లారా చూస్తాం. స్లైడు చూసి ఈ రెండిట్లో ఏదో చెప్పలేం. ఆమెకు ఒక కాగితం మీద రెండు బాణాలు గీసి ఇదే వివరించాను.

అందుకే పీఆర్ అంకెను పక్కన పెట్టి, జబ్బు నడకను బట్టి నిర్ణయం తీసుకున్నాం. అనాస్ట్రోజోల్ మీద ఉండగానే పెరిగింది కాబట్టి దాన్ని ఆపాం. ఒకే చోట, నిదానంగా, ఈఆర్ నిలుపుకుని పెరిగింది కాబట్టి హార్మోన్ దారిని వదల్లేదు. నెలకోసారి 500 మిల్లీగ్రాముల ఫుల్వెస్ట్రాంట్ అనే, ఈఆర్‌నే దెబ్బతీసే ఇంజెక్షన్‌కు మార్చాం. అండాశయ క్యాన్సర్‌లో దానికి ఆధారం పలచన, ఆమెకు అలాగే చెప్పాం. కేరాస్ దారిని అడ్డుకునే ట్రామెటినిబ్ అనే మందు కూడా ఉంది. 2022లో వచ్చిన ట్రయల్‌లో అది తిరిగొచ్చిన లోగ్రేడ్ జబ్బును 13 నెలలు ఆపింది, పోలికగా ఇచ్చిన కీమో లేదా హార్మోన్ మందులు 7.2 నెలలు ఆపాయి. కేరాస్ మార్పు ఉండి తిరిగొచ్చిన లోగ్రేడ్‌కు అవుటోమెటినిబ్, డిఫాక్టినిబ్ జోడీని అమెరికా ఎఫ్‌డీఏ 2025 మేలో అనుమతించింది. కొలవడానికి కూడా జబ్బు మిగలని ఈ దశలో వాటిని ఇప్పుడే ఖర్చు చేయాలనిపించలేదు. దద్దుర్లు, కంటి సమస్యలు ఉన్న మందులవి.

తొమ్మిది నెలలైంది. సీఏ-125 13 దగ్గర ఉంది. ఫుల్వెస్ట్రాంట్ రెండు సూదులు, ఒక్కో పిర్రకు ఒకటి. ప్రతిసారీ మా నర్సుతో ఈసారి నెమ్మదిగా ఎక్కించమని పోట్లాడతారు. వచ్చే నెల స్కాన్ ఉంది. జబ్బు మళ్లీ వస్తే బ్లాకు ఏ ల్యాబ్‌కు పంపుతారో తనకు ముందే చెప్పాలని షరతు పెట్టారు. సరే అన్నాను.